పొట్టి ముడి

ఓడ కనబడుతూనే ఉంది, రావడం మాత్రం లేదు. గాలి పడిపోయినట్టుంది, తెరచాప ఉతికి ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. నేనేమో ఈ రేవు ఒడ్డున, ఈ ఎర్ర గుడారం కింద, మెడ వంగేంత బంగారం వేసుకుని, ఒళ్లో తెల్ల పట్టం పెట్టుకుని కోడలి కోసం కూర్చున్నాను. కోడలు. ఆ మాట నాకింకా నోటికి అలవాటు కాలేదు, ఇన్నేళ్లూ ఈ ఇంట్లో కోడలంటే నేనే కదా. పిల్ల పేరు మిర్రిన అట, సైప్రస్ దీవిలో ఒక చిన్నరాజు కూతురట, బాగా చదువుకుందట, ఈత వచ్చట. అన్నీ 'అట'లే. మా అబ్బాయి నికాండ్రోస్ కూడా చూడలేదు. పెళ్లికొడుకు రేవుకు రాకూడదు మా ఇంట్లో, అందుకని పొద్దున్నే నా గదికొచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మా, పిల్ల ఎలా ఉందో ముందు నాకు కబురు చేస్తావు కదూ" అన్నాడు. సభలో సింహం, నా గుమ్మంలో పిల్లి. "అందంగా లేకపోతే ఏం చేస్తావురా, ఓడ వెనక్కి తిప్పమంటావా" అన్నాను. నవ్వాడు కానీ ముఖం పాలిపోయింది, ఓడ వెనక్కి తిప్పడమంటే మా ఇంట్లో హాస్యం కాదు. మా మామగారి తండ్రికి మొదట కుదిరిన పిల్లని అలాగే పంపేశారు. అత్తగారు పట్టం కట్టారట, పిల్ల రెండడుగులు వేసింది, పట్టం జారి కళ్ల మీద పడింది. ఈ నేల ఒప్పుకోలేదన్నారు జనం. వచ్చిన ఓడలోనే వెళ్లిపోయింది పాపం, మళ్లీ ఎవరూ చేసుకోలేదట.

పట్టమంటే ఏముంది, జానెడు వెడల్పు కూడా లేని తెల్ల ఉన్ని పట్టీ. మా మూలపురుషుడు అలెగ్జాండరు వెంట నడిచి, యుద్ధాలు చేసి, ఈ సముద్రపు ముక్కనీ వెనకున్న కొండల్నీ సంపాదించుకున్నప్పుడు ఆయన తలకి ఆయన తల్లి కట్టిందట, తన మగ్గం మీద నేసింది. అప్పట్నుంచి ఇక్కడ రాణికి పట్టం అత్తే నెయ్యాలి. దాన్ని కత్తిరించకూడదు, అతుకు వెయ్యకూడదు. అన్నిటికంటే చిక్కు, కోడలి తల కొలత అడగకూడదు. విధిదేవతలు ముగ్గురూ మన ఆయుష్షుని దారంలా కొలుస్తూ కూర్చుంటారు కదా, అత్త కూడా దారం పట్టుకుని కోడల్ని కొలిస్తే ఆ పిల్ల ఆయువు తెగుతుందని భయం. చూడని తలకి, అడగని కొలతకి, ఒక్క తప్పు కూడా లేకుండా నెయ్యాలి. ఈ ఆచారం పెట్టినవాళ్లు మగ్గం ముందు ఒక్కపూటైనా కూర్చున్నారా అని నాకు అనుమానం. చలికాలమంతా నేశాను. గుండ్లు కట్టిన పడుగు ముందు నిలబడి నిలబడి మోకాళ్లు పట్టేశాయి. నేసినంతసేపూ ఒకటే మాట అనుకున్నాను, నాకు జరిగింది ఈ పిల్లకి జరగకూడదు, బారుగా ఉండాలి, రెండు కొసలూ వీపు మీద పడి గాలికి ఎగరాలి అని.

"ఏంటమ్మాయిగారూ, పెదాలు కదుపుతున్నారు, పాటలా తిట్లా?" అంది బిత్తో. దీన్ని మా పుట్టింటివాళ్లు నాతో పంపారు. నాకు యాభై దాటినా దీనికి నేను అమ్మాయిగారినే.

"మా అత్తగారు గుర్తొస్తున్నారే."

"అయితే తిట్లే" అంది, విసనకర్ర ఆపకుండానే.

నేను దిగింది ఈ రాళ్ల మీదే, ఇంకాస్త ఎడంగా, ఆ ఉప్పుకొట్లు అప్పుడు లేవు. మాసిదోనియా కొండల్లో గుర్రాల మీద పెరిగినదాన్ని, ఓడలో కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చుకుంటూ వచ్చాను. మా పుట్టింట్లో అందరికీ తలలు పెద్దవి. మా నాన్నకి శిరస్త్రాణం చెయ్యాలంటే కంసాలి నిట్టూర్చేవాడు. ఆ తల మీద మా అమ్మ జుట్టంతా పోగేసి, పూసలు గుచ్చి, గోపురంలా కట్టి పంపింది, నా బిడ్డ కొండజాతిదని ఎవరూ చిన్నచూపు చూడకూడదని. దిగాను. పెళ్లికూతురు జనానికి వీపు పెట్టి నిలబడాలి, ముడి అందరికీ కనబడాలి కదా, అత్త ఎదురుగా నిలబడి తల చుట్టూ చేతులు వేసి వెనక ముడి వెయ్యాలి. మా అత్తగారు నా ముసుగు తీసి చూశారు. ముఖం కాదు, తల చూశారు. ఆవిడ ముఖంలో రంగు పోయింది. మరుక్షణం రెండు చేతులతో నా జుట్టు పట్టుకుని ఆ పూసలు, ఆ పిన్నులు, మా అమ్మ పొద్దుటంతా కూర్చుని కట్టిన గోపురం, అన్నీ ఊడపీకేశారు. అంతమంది ముందు. పూసలు రాళ్ల మీద పడి దొర్లిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "వంగు" అన్నారు, అదొక్కటే మాట. నా ముక్కు ఆవిడ భుజానికి నొక్కుకుపోయింది, పచ్చి ఉన్ని వాసన, అడవితులసి వాసన, వెనక ఆవిడ వేళ్లు నా తల చర్మం పీకుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలాగో ముడి పడింది. మిగతా రాణులకి కొసలు నడుందాకా వేలాడేవట, నాకు చిటికెన వేలంత మిగిలాయి రెండు. కుందేలు తోకలు. సాయంత్రానికల్లా ఊళ్లో నా పేరు 'పొట్టిముడి రాణి' అయింది. నాణెం మీద నా బొమ్మ చెక్కినవాడు మాత్రం దయగలవాడు, బారుగా రెండు కొసలు చెక్కాడు, పనిలో పనిగా గడ్డం కింద ఇంకో గడ్డం కూడా చెక్కాడు, రాణంటే ఒళ్లు చెయ్యాలని. కొసలు అబద్ధంగానే ఉండిపోయాయి కానీ ఆ రెండో గడ్డం మాత్రం మెల్లగా నిజమైంది.

మా ఆయనకి ఆ పొట్టి ముడంటే ఇష్టం. పడుకునే ముందు దాన్ని వేళ్లతో తిప్పుతూ, "ఇది నాకొక్కడికే అందేంత ఉంది" అనేవాడు. ఎంత మంచివాడు, ఎంత బద్ధకస్తుడు, ఎంత గురక. మా అమ్మకి నీ మీద కోపం లేదే అనేవాడు. లేకపోతే ఎందుకలా కట్టారని నేను, ఏమో అని ఆయన, అటు తిరిగి గురక. అత్త లేని కోడలుత్తమురాలని ఊరికే అనలేదు. అలా ఆవిడ పోయేదాకా ఇరవయ్యేళ్లు ఒక ఇంట్లో ఉన్నాం నేనూ ఆవిడా. పండగకి తేనెరొట్టెలు ఒకరికొకరు పెట్టుకున్నాం, జ్వరమొస్తే ఒకరి కాళ్లు ఒకరు పట్టాం, కానీ ఆ రేవు మాట మాత్రం ఎప్పుడూ ఎత్తుకోలేదు. మాట్లాడితే మగ్గం గురించే. ఆవిడ మగ్గం పక్కన గోడకి ఒక టోపీ వేలాడుతుండేది, చిన్నది, ఎండకి పెట్టుకునే ఉన్ని టోపీ. కొత్తలో ఒకరోజు సరదాకి తీసి నా తల మీద పెట్టుకున్నాను, ఎక్కలేదు, పుట్టగొడుగులా నడినెత్తిన కూర్చుంది, నేనూ బిత్తో పడీపడీ నవ్వుతున్నాం. ఆవిడ వచ్చి టోపీ లాక్కున్నారు. తీసుకెళ్లి అంచు సాగిందేమో చూసుకున్నారు, మళ్లీ గోడకి తగిలించారు. అబ్బో, టోపీకి కూడా ఇంత పీనాసితనమా అనుకున్నాను అప్పుడు.

ఓడ కదిలిందా? లేదు, కొంగ ఎగిరింది అంతే. ఆ పిల్ల ఈపాటికి ఓడ కొమ్మున నిలబడి ఈ ఎర్ర గుడారం వైపే చూస్తూ ఉంటుంది, అందులో కూర్చున్న రాకాసి ఎలాంటిదో అనుకుంటూ. నేనూ అలాగే చూశాను కదా. నా కూతురు డోరిక కూడా అలాగే చూసి ఉంటుంది, కాకపోతే దానికి ఓడ కాదు, ఒంటెల బండ్లు. టైగ్రిస్ దాటి అవతల ఎక్కడో రాజుకిచ్చాం దాన్ని. పొత్తు కావాలన్నారు, సరిహద్దన్నారు, మాటలన్నీ మగవాళ్లవి, పిల్ల మాత్రం నాది. అంతదూరం ఇవ్వద్దని నేను ఏడిస్తే మా అత్తగారు నా పక్కన కూర్చుని నా పెద్ద తలని ఒళ్లోకి లాక్కుని నిమిరారు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో చూసి ఏడుపు ఆగిపోయింది నాకు, ఆశ్చర్యంతో. డోరికకి ఎండ పడేది కాదు. వేసవి వస్తే చాలు మధ్యాహ్నానికి తలపోటు, అమ్మా తల పగిలిపోతోందే అని వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చునేది. పులిసిన ద్రాక్షరసంలో గుడ్డ తడిపి, నుదుటి మీంచి చెవుల పైగా వెనక్కి తెచ్చి, ఇలా, ఒక ముడి, ఇంకో ముడి, కొసలు మెడ మీద పడేలా, అదిగో ఇప్పుడు చల్లగా ఉందా అనేదాన్ని. ఎన్ని వేసవులు! పెద్దదై పెళ్లి కుదిరాక కూడా కట్టాను.

నా చేతులు కదులుతున్నాయి. చూసుకుంటే ఒళ్లో ఉన్న పట్టాన్ని అలాగే తిప్పుతున్నాను, నుదుటి మీంచి, చెవుల పైగా, వెనక్కి, ముడి. ఎవరూ లేని గాలిలో ఒక తల. పట్టం సరిగ్గా సరిపోయింది. కొసలు సరిగ్గా మెడ మీద పడతాయి. అమ్మో. ఇది డోరిక తల. వాళ్ల నాన్న పోలిక, చిన్న తల, నా రెండు అరచేతుల్లో పట్టేది. చలికాలమంతా నేను నేసింది డోరికకి! కంటితో కొలవలేదు, బుద్ధితో కొలవలేదు, నా చేతులు వాటికి తెలిసిన తలకే నేసుకుపోయాయి. బారుగా నేశానని ఎంత పొంగిపోయాను, బారే, డోరికకి బారే. వచ్చే పిల్ల తల మామూలుగా ఉన్నా ఇది చాలదు, కాస్త పెద్దదైతే అసలు అందనే అందదు.

"బిత్తో" అన్నాను. "ఇది పొట్టిదే."

"ఏది?"

"పట్టం."

అది వంగి చూసింది, నా చేతుల్లోని ఖాళీ గుండ్రాన్ని చూసింది. దానికి చెప్పక్కర్లేదు, ఆ తడిగుడ్డలు పిండిందంతా అదే. విసనకర్ర ఆగింది. "అయ్యో తల్లీ" అంది, బిత్తో వెటకారం మానిందంటే నిజంగానే కొంప మునిగినట్టు. "మీ తలమీదిది ఇచ్చేస్తే?" అంది. "పిచ్చిదానా, అది ఇంకా పొట్టిది కదే" అన్నాను, ఆ మాట అంటూనే ఆగిపోయాను. నాది ఇంకా పొట్టిది. ఎవరి కొలత? చూడని తలకి, అడగని కొలతకి నేసిన మనిషి, ఆవిడ చేతులకి తెలిసిన తల ఎవరిది? గోడ మీది టోపీ. థియానో. నా ఆడపడుచు పేరు, ఆ ఇంట్లో పైకి ఎవరూ పలకని పేరు. నల్లసముద్రం అవతల ఎవరికో ఇచ్చారట, నేను రాకముందే అక్కడే పోయింది, మొదటి కాన్పులో. టోపీ పెట్టుకున్ననాటి తలే తల్లి చేతులకి గుర్తుంది. నాలాగే ఆవిడా ముడి వేసే క్షణం దాకా తెలుసుకోలేదు. నన్ను చూసి రంగు పోయింది కోపంతో కాదు, భయంతో. నా తల చూశారు, తన చేతిలో పట్టం చూశారు, నన్ను వచ్చిన ఓడలోనే వెనక్కి పంపేస్తారని చూశారు. జుట్టు విప్పితే రెండు వేళ్ల మందం తగ్గుతుంది. అందుకని విప్పారు. నన్ను అవమానించి నన్ను ఉంచుకున్నారు. ఇరవయ్యేళ్లలో ఒక్కసారి చెప్పొచ్చు కదా అత్తయ్యా! ఎలా చెప్తారు, చెప్పాలంటే ఆ పేరు పలకాలి కదా. ఉన్ని వాసన, అడవితులసి వాసన. ఇప్పుడు మీరుంటే మీ భుజం మీద తల పెట్టేదాన్ని, ఈసారి లాగక్కర్లేకుండా.

నా డోరిక తలకి అక్కడ ఎవరు ఏం కట్టారో. వాళ్లకి ఈ ఆచారం ఉందో లేదో. ఉంటే, దాని అత్తగారెవరో పెద్ద తలల పిల్లల్ని కన్న తల్లయితే, పట్టం వదులై కళ్ల మీదకి జారిందేమో, నవ్వారేమో. ఎవరమ్మా నువ్వు, నీ భాష నాకు రాదు, ఎండలో నిలబెట్టకమ్మా దాన్ని, దానికి ఎండ పడదు.

"గాలొచ్చిందండీ" అంది బిత్తో. వచ్చింది, నిజమే, గుడారం అంచు కొట్టుకుంటోంది, తెరచాప పొట్ట నింపుకుంది, బూరలు ఊదుతున్నారు, ఇంతసేపూ రాని ఓడ ఇప్పుడు పరుగున వస్తోంది. ఆగవే తల్లీ కాసేపు. రేవంతా లేచి నిలబడింది, చేపలవాళ్లు, సిపాయిలు, ఉప్పుకొట్ల మీద ఎక్కిన ఆడవాళ్లు. వీళ్లంతా ముడి చూడ్డానికే వచ్చారు. ఓడకీ ఒడ్డుకీ బల్ల వేశారు. దిగుతోంది. కాళ్లు తడబడుతున్నాయి, ఈమెకీ కడుపు తిప్పినట్టే ఉంది, కుంకుమపువ్వు రంగు ముసుగు, దాని కింద, ఓరి దేవుడా, గోపురం! వాళ్లమ్మ కూడా పొద్దుటంతా కూర్చుని కట్టి ఉంటుంది. అమ్మలందరికీ ఒకటే తెలివి.

వచ్చి నిలబడింది, జనానికి వీపు, నాకు ముఖం. ముసుగు తీశాను. చామనచాయ, బెదురు కళ్లు, కానీ గడ్డం పైకే ఉంది. ముక్కు కొంచెం వంకర, మావాడికి నచ్చుతుంది. తల చూశాను. నా అంత పెద్దదీ కాదు, డోరిక అంత చిన్నదీ కాదు. పూసలు రాళ్ల మీద పడనివ్వకూడదు, అదొక్కటే అనుకున్నాను. ఒక్కొక్క పిన్నూ తీశాను, ఒక్కొక్క పూసా బిత్తో చాచిన కొంగులో వేశాను, జుట్టు మెల్లగా భుజాల మీదకి దించాను. జనంలో గుసగుస లేచింది. పిల్ల కళ్లు నిప్పులయ్యాయి, ఆ నిప్పు నాకు తెలుసు, ఇరవయ్యేళ్లు ఆరకుండా కాచిపెట్టుకున్నదాన్ని. దగ్గరికి లాక్కున్నాను. ముక్కు నా భుజానికి తగిలింది. పట్టం నుదుటి మీంచి, చెవుల పైగా, వెనక్కి. కొసలు ఎదురుపడ్డాయి, ముడికి అందలేదు.

చెవిలో చెప్పాను. ఎలా చెప్పానో తెలీదు, అత్తగారికి రాని మాట నాకు మాత్రం ఎలా వస్తుంది, అయినా వచ్చింది. "అమ్మా మిర్రినా, నా మీద కోపం తెచ్చుకోకు. ఇది నా కూతురి కొలత. దూరం ఇచ్చేశాను దాన్ని. నాకు తెలీకుండానే దాని తలకి నేసేశాను. చాలడం లేదమ్మా."

నా భుజం మీద దాని శ్వాస ఆగడం తెలిసింది. జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. అప్పుడు ఆ తల, ఆ సైప్రస్ తల, నా భుజంలోకి ఇంకా గట్టిగా ఒదిగింది, వెనక చర్మం వదులయ్యేలా మెడ వంచింది, సన్నగా, వాంతులతో బొంగురుపోయిన గొంతుతో అంది:

"గట్టిగా లాగండత్తయ్యా. నాకేం కాదు."

లాగాను. ఏడుస్తూ లాగాను, నవ్వుతూ లాగాను. ముడి పడింది, ఇంకోటి వేశాను. వదిలాక తను రెండడుగులు వేసింది, ఇంకో రెండు వేసింది, పట్టం కదల్లేదు. రేవంతా ఒక్కసారి గోలపెట్టింది. ఉప్పుకొట్టు మీంచి ఎవరో ఆడమనిషి, "ఇంకో పొట్టిముడి రాణే!" అని అరిచింది, అందరూ నవ్వారు, పిల్ల వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుని, చిటికెన వేలంత కొసలు రెండూ చూసుకుని, నా వైపు తిరిగి, "మీ అమ్మాయి పేరేంటండీ?" అంది.